కాంపౌండ్ లేని బడి

మా జిల్లాలో ఆంగ్ల సమాస శుద్ధి పథకం పుట్టడానికి కారణం ఒక చిరునవ్వు.

విరూపాక్షం గారు విద్యాశాఖలో పెద్ద అధికారి. పొరుగు రాష్ట్రంలో ఏదో సదస్సుకు వెళ్ళి, తన ఇంగ్లీషు ప్రసంగాన్ని అచ్చు వేయించి అందరికీ పంచారు. అందులో ‘ఎవ్రీ డే’ అన్న మాటను రెండు ముక్కలుగా రాయవలసిన చోట కలిపి రాశారు. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ ఆ మాట మీద వేలు పెట్టి పక్కావిడకు చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. విరూపాక్షం గారు ఆ సదస్సులో పెట్టిన భోజనం కూడా ముట్టకుండా తిరిగొచ్చారు.

వచ్చిన వారంలోనే ఆయన ఒక ప్రకటన చేశారు. మన పిల్లలకు ఇంగ్లీషు రాకపోవడానికి మూలకారణం దొరికిందన్నారు. అంతవరకూ మేమంతా ఉపాధ్యాయులు చాలకనో, పుస్తకాలు వేళకు రాకనో, వానొస్తే తరగతి గదులు కారిపోవడం వల్లనో అనుకుంటూ ఉన్నాం. అవేవీ కావట. సమాసాలు సరిగా వాడకపోవడమే అసలు రోగమట.

ఇంగ్లీషులో రెండు మాటలు కలిసి కొత్త మాట అవుతుంటాయి. కొన్ని పూర్తిగా అతుక్కుపోతాయి, ఫుట్‌బాల్ లాగా. కొన్ని పక్కపక్కనే ఉంటూ విడిగా కాపురం చేస్తాయి, ఐస్ క్రీమ్ లాగా. కొన్నింటికి మధ్యలో చిన్న గీత పెట్టాలి, దాన్ని హైఫన్ అంటారు. మదర్-ఇన్-లా అలాంటిది. ఏది ఏ జాతిదో అనుమానం వస్తే ఇంగ్లీషువాళ్ళు నిఘంటువు తీసి చూసుకుంటారు. మా జిల్లాలో దానికోసం ఒక కార్యాలయం తెరిచారు.

ఆ కార్యాలయం నుంచి వచ్చిన మొదటి ఉత్తర్వు నాకు ఇంకా నోటికి వచ్చు. ‘ఇకమీదట పాఠశాలల నుండి వచ్చు సమస్త ఉత్తరప్రత్యుత్తరములు ఆంగ్లముననే ఉండవలెను. ఏ దరఖాస్తులోనైనను సమాసము అపసవ్యముగా ఉన్నచో సదరు దరఖాస్తు అందనట్లుగా పరిగణించబడును.’

పక్క మండలంలో లెక్కల మాస్టారికి అత్తగారు పోయింది. ఆయన సెలవు చీటీలో ఆవిడకు హైఫన్లు పెట్టడం మర్చిపోయాడు. సెలవు రాలేదు. హైఫన్లు లేని అత్తగారు మరణించినట్లు పరిగణించుటకు వీలుపడదని జవాబు వచ్చింది. పెద్దకర్మ నాడు ఆయన బడిలో కూర్చుని భిన్నాలు చెప్పాడు.

నేను రాళ్ళమెట్ట జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. మా ప్రధానోపాధ్యాయిని సువార్తమ్మ గారు సోషల్ టీచర్‌గా మొదలై ఆ స్థానానికి వచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. మా బడికి వెనక కొండ, కొండ మీద కంకర క్వారీ. ముందువైపు హైవే. మధ్యలో మా ఆటస్థలం. క్వారీ టిప్పర్లు హైవే ఎక్కాలంటే ఊరంతా చుట్టి రావాలి. వాటికీ హైవేకీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క రాతి గోడ. అది ప్రభుత్వం కట్టింది కాదు. మా తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ మాలకొండయ్య తండ్రి తరంలో, ఊళ్ళో ఇంటికొక బండి రాయి తోలి కట్టుకున్నారు. దాని మీద మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాలతో బడి పేరు రాయించారు.

ఆ గోడకు పగుళ్ళొచ్చాయి. బాగు చేయించమని సువార్తమ్మ గారు దరఖాస్తు పెట్టారు. ‘ప్లే గ్రౌండ్’ అని విడదీసి రాసినందుకు అది తిరిగొచ్చింది. కలిపి రాసి మళ్ళీ పంపారు. ఈసారి పిల్లల ఆరోగ్యం గురించి రాసిన వాక్యంలో ‘హెల్త్ కేర్’ దగ్గర ఆగిపోయింది. నా నిఘంటువులో ఆ మాట విడిగా ఉంది, వాళ్ళ నిఘంటువులో కలిసి ఉంది. మూడోసారి ఇద్దరం కూర్చుని, సాధ్యమైనంతవరకు సమాసాలే లేకుండా రాశాం. మా బడికి ఉన్న కాంపౌండ్ పాడైపోయింది, దయచేసి బాగు చేయించండి అన్నది దాని సారాంశం.

ఆ దరఖాస్తు అందింది. ఇంగ్లీషులో సమాసాన్ని కాంపౌండ్ అనే అంటారు. అందుచేత మా కాగితం, గోడలు కట్టే ఇంజనీర్ల దగ్గరికి పోకుండా సరాసరి సమాస శుద్ధి కార్యాలయానికి పోయింది. తమ కాంపౌండ్ పాడైపోయిందని తామే ఒప్పుకున్న బడి జిల్లా మొత్తం మీద మాదొక్కటేనట. విరూపాక్షం గారు మా నిజాయితీకి ముచ్చటపడి, దిద్దుబాటు దళాన్ని వెంటనే పంపమన్నారట.

దళం జీపులో వచ్చింది. దాని నాయకుడు త్రిమూర్తులు గారు మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, చేతిలో టేపు పట్టుకుని ఉన్నారు. వెనక ట్రాక్టర్‌లో సమ్మెటలతో కూలీలు. సువార్తమ్మ గారు సంతోషంగా ఎదురెళ్ళి వాళ్ళకు టీ తెప్పించారు.

త్రిమూర్తులు గారు గోడ ముందు నిలబడి పేరు చదివారు. మొహం చిట్లించారు.

“హైస్కూల్ అని కలిపి రాశారేమిటండీ?”

“అప్పట్లో పెయింటర్ అలా రాశాడు సార్” అన్నారు సువార్తమ్మ గారు. “పగులు అటు చివర ఉంది, చూపిస్తాను రండి.”

“పగులు మా పరిధిలోనిది కాదమ్మా. హై, స్కూల్ అనునవి విడివిడి పదములు. వీటిని హైవే మీద ఇంత బహిరంగంగా కలిపి ఉంచడం తీవ్రమైన విషయం. వెళ్ళే వచ్చే పెద్దలు చూస్తారు.”

“అయితే ఆ మాట చెరిపేసి, కాస్త ఎడంగా రాయించేస్తాం.”

“అది పైపై దిద్దుబాటు అవుతుంది. నిబంధనలో ‘విచ్ఛేదనము’ అని స్పష్టంగా ఉన్నది. పైగా మా పద్దులో పెయింటు లేదు. పగలగొట్టడం ఉంది.”

నేను కల్పించుకుని, పదాల మధ్య ఖాళీ అంటే కాగితం మీద ఖాళీ అని, గోడకు కన్నం పెట్టడం కాదని చెప్పబోయాను. త్రిమూర్తులు గారు నా వైపు జాలిగా చూశారు.

“తమరు ఇంగ్లీషు టీచరా? మరి ఇన్నేళ్ళుగా ఈ గోడను ఎలా సహించారండీ?”

పదాల మధ్య ఖాళీ అక్షరం వెడల్పుకు రెట్టింపు ఉండాలని వాళ్ళ నియమం. మా అక్షరాలు మనిషెత్తువి కాబట్టి ఆ లెక్కన పడిన కన్నం లారీ పట్టేంత అయింది. సాయంత్రానికి పని ముగించి, రాళ్ళు పక్కన పోసి, మా చేత ‘సమాసము సంతృప్తికరముగా విడదీయబడినది’ అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు.

మాలకొండయ్య చేను నుంచి వస్తూ ఆ కన్నం ముందు ఆగిపోయాడు.

“ఇదేంది మేడం? గోడ బాగు చేస్తారని గదా మీరు రాసింది?”

“అవును మాలకొండయ్యా” అన్నారు సువార్తమ్మ గారు. 

క్వారీవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఊరు చుట్టి రావలసిన టిప్పర్లు, కొండ దిగి మా ఆటస్థలం మీదుగా వచ్చి, హైకీ స్కూలుకీ మధ్య నుంచి నేరుగా హైవే ఎక్కడం మొదలుపెట్టాయి. సువార్తమ్మ గారు ఎదురెళ్ళి ఆపితే డ్రైవర్లు మర్యాదగానే మాట్లాడారు. దారి గవర్నమెంటే ఇచ్చింది గదా మేడం అన్నారు. ఆవిడ పోలీసు స్టేషన్‌కు వెళ్ళారు. ప్రభుత్వ శాఖ తెరిచిన దారిని మేమెలా మూస్తామని ఎస్సై గారు అన్నారు. సమాస కార్యాలయానికి ఫోన్ చేస్తే, ఫోన్‌లో హైఫన్లు వినబడవు కనుక లిఖితపూర్వకంగా పంపమన్నారు.

మాలకొండయ్య కూతురు వెంగమాంబ ఏడో తరగతి. ఖోఖోలో మా బడికే వేగమైన పిల్ల. ఒక మధ్యాహ్నం ఆడపిల్లలు ఖోఖో ఆడుతున్నారు. వెంగమాంబ వరసలో అటు తిరిగి గొంతుకూర్చుని ఉంది. వాళ్ళ వెనక ఒక టిప్పర్ రివర్స్‌లో వస్తోంది. పిల్లలు అరిచారు. అరుపుకు లేచి పరిగెత్తడం ఆ ఆటలో అలవాటే గనుక ఆ పిల్ల లేచింది, కానీ లేచింది టిప్పర్ వైపుకు.

ప్రాణం పోలేదు. కుడి మోకాలు నుజ్జయింది. సువార్తమ్మ గారు ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఒంగోలు దాకా తీసుకెళ్ళారు. మాలకొండయ్య కబురంది ఆసుపత్రికి వచ్చేసరికి ఆవిడ చీరంతా నెత్తురు. ఆయన ఆవిడ్ని ఒక్క మాట అనలేదు. కూతురి కాలు చూసి బయటికొచ్చి, వరండాలో గోడకు తల ఆనించుకుని నిలబడ్డాడు. అనుంటే బాగుండేదని సువార్తమ్మ గారు నాతో తర్వాత చెప్పారు.

ప్రమాదం గురించి నివేదిక పంపాలి. ఆవిడే స్వయంగా రాశారు. దిద్దమని నాకు ఇచ్చే ఓపిక ఆవిడకు లేదు. జవాబు తొందరగానే వచ్చింది. ఆఫీసు గదిలో నా చేతికిచ్చి చదవమన్నారు.

‘తమరి నివేదికలో ‘నీ క్యాప్’ అని రెండు పదములుగా పేర్కొనబడినది. ఆంగ్లమున మోకాలిచిప్ప ఏకపదము. దానిని రెండుగా విరిచినది తమరేనని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మోకాలిచిప్ప సమైక్యముగా సమర్పించబడినంతవరకు గాయము జరిగినట్లు పరిగణించుటకు వీలుపడదు.’

నేను కాగితం బల్ల మీద పెట్టాను.  సువార్తమ్మ గారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుస్తూనే ఉన్నారు.

“మాస్టారూ” అన్నారు చివరికి, “మొన్న తుపానుకి మాలకొండయ్య చేలో తాటిచెట్టు పడింది గదా. అది ఇంకా ఉందా?”

“ఉన్నట్టే ఉందండీ.”

“ఒకసారి పిలవండి ఆయన్ని.”

మర్నాడు ఊళ్ళో మగవాళ్ళంతా వచ్చారు. తాటిదుంగను ట్రాక్టర్‌తో లాక్కొచ్చి, కన్నానికి అడ్డంగా, నడుమెత్తున పెట్టారు. ఒక కొన హై పక్కన గోడలో, ఇంకో కొన స్కూల్ పక్కన గోడలో దిగ్గొట్టి, పడేసిన రాళ్ళే పేర్చి సిమెంటు పోశారు. ఆ మధ్యాహ్నం మొదటి టిప్పర్ వచ్చి దుంగ ముందు ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. మాలకొండయ్య దుంగ మీద చేతులానించి నిలబడి బీడీ కాల్చుకుంటున్నాడు. డ్రైవర్ కాసేపు చూసి బండి వెనక్కి తిప్పుకుని ఊరు చుట్టుదారి పట్టాడు.

క్వారీ యజమానికి ఒళ్ళు మండింది. బడి స్థలంలోంచి నాకు దారి ఇప్పించండని ఏ శాఖకు రాసినా నవ్వుతారని ఆయనకు తెలుసు. అందుకని రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్‌ను ఒకాయన్ని పట్టుకుని, సమాస కార్యాలయానికే ఫిర్యాదు రాయించాడు. రాళ్ళమెట్టలో హైకీ స్కూల్‌కీ మధ్య అనధికార హైఫన్ వెలసిందని అందులో ఉంది. ఒక్క సమాసం కూడా తప్పు పోలేదట. ఆ కార్యాలయం పుట్టిన తర్వాత సవ్యంగా అందిన మొదటి ఫిర్యాదు అదే. దాన్ని చూసి కొంతమంది సిబ్బంది కళ్ళు చెమర్చాయని త్రిమూర్తులు గారే చెప్పారు.

ఈసారి విరూపాక్షం గారు స్వయంగా వచ్చారు. వెనక త్రిమూర్తులు గారు, రంపాలతో మనుషులు. కారు దిగి, దుంగ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశారు.

“ఏమిటమ్మా ఇది?”

“తాటిదుంగ సార్” అన్నారు సువార్తమ్మ గారు.

“అది నాకూ కనబడుతోంది. వ్యాకరణరీత్యా ఏమిటి?”

ఆవిడ నా వైపు చూశారు. “హైఫన్ సార్” అన్నాను.

“హై స్కూల్‌కు హైఫన్ ఉన్నదా?”

“అది లేకపోతే లారీలు లోపలికొస్తన్నాయి సార్” అన్నాడు మాలకొండయ్య.

“నువ్వాగవయ్యా. ఇది భాషకు సంబంధించిన విషయం.”

“కాలు నా కూతురిది సార్.”

విరూపాక్షం గారు త్రిమూర్తులు గారి వైపు తిరిగారు. త్రిమూర్తులు గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. “ఆ మోకాలిచిప్ప సంగతి మా కార్యాలయం ఇదివరకే పరిష్కరించింది” అన్నారు విరూపాక్షం గారు. “చూడమ్మా, తప్పు సమాసాన్ని క్షమించగలను. అది అజ్ఞానం. కానీ మేము విడదీసిన దాన్ని మీరు మళ్ళీ గీతతో అతికించారు. ఇది ధిక్కారం. దీని మీద క్రమశిక్షణ చర్య తప్పదు.”

రంపాలు పట్టుకున్నవాళ్ళు దుంగ దగ్గరికి వచ్చారు. మాలకొండయ్య కదల్లేదు. ఆయన వెనక చేరిన జనమూ కదల్లేదు. సువార్తమ్మ గారు ఒకడుగు ముందుకు వేశారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

“చర్య తీసుకోండి సార్. నేను సోషల్ మనిషిని, నాకు తెలియక అడుగుతున్నాను. మీ అంతటివాళ్ళు మళ్ళీ దొరకరు. ఈ రెండు మాటల మధ్య హైఫన్ పెట్టే సందర్భం ఇంగ్లీషులో ఒక్కటంటే ఒక్కటి లేదా?”

విరూపాక్షం గారు రంపాలవాళ్ళను చేత్తో ఆపారు. ఆ ప్రశ్న ఆయన్ని బడికి వచ్చిన తర్వాత మొదటిసారి సంతోషపెట్టింది.

“ఎందుకు లేదు? మంచి ప్రశ్న. వెనక ఒక నామవాచకం ఉండి, ఈ రెండు పదాలూ కలిసి దానికి ముందు విశేషణంగా నిలిస్తే హైఫన్ సాధువే. చాలామంది ఇంగ్లీషు టీచర్లకే తెలియదు.” నా వైపు ఒక చూపు విసిరారు.

“ఉదాహరణ చెప్పండి సార్, గుర్తుంచుకుంటాను.”

“హై-స్కూల్ చిల్డ్రన్. అక్కడ హైఫన్ ఉండాలి. ఉండి తీరాలి.”

“అదే సార్” అన్నారు సువార్తమ్మ గారు. “ఆ చివరి మాట రాయడానికి పెయింటు చాలలేదు. రేపు రాయిద్దామనుకున్నాం, ఇంతలో తమరు వచ్చారు.”

 హైవే మీద బస్సొకటి పోయిన చప్పుడు వినిపించింది. విరూపాక్షం గారు గోడ వైపు చూశారు. స్కూల్ అన్న మాట తర్వాత గోడ ఇంకా చాలా ఖాళీగా ఉంది. ఆయన పెదవులు కదిలాయి. చదువుకుంటున్నారు. ముందు హై, తర్వాత దుంగ, తర్వాత స్కూల్, ఆ తర్వాత రాయని మాట.

“త్రిమూర్తులూ” అన్నారు నెమ్మదిగా, “ఇది విశేషణం.”

“అవునండీ. విశేషణమేనండీ” అన్నారు త్రిమూర్తులు గారు.

ఆ సాయంత్రమే నేను ఊళ్ళో దుకాణంలో నీలం పెయింటు కొనుక్కొచ్చాను. చిల్డ్రన్ అన్న మాట నా చేత్తో నేనే రాశాను. విరూపాక్షం గారు అంతసేపూ కుర్చీ వేయించుకుని కూర్చుని, పూర్తయ్యాక దుంగ మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నారు. క్రమశిక్షణ చర్య ఊసు మళ్ళీ రాలేదు. వెళ్తూ వెళ్తూ సువార్తమ్మ గారితో, మీలో మంచి విద్యార్థిని ఉన్నదమ్మా అన్నారు.

వెంగమాంబ దసరా సెలవుల తర్వాత బడికి వచ్చింది. నడుస్తుంది. మోకాలు మడవలేదు. ఖోఖోలో కూర్చోవడం ఉండదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆట జరిగేటప్పుడు విజిల్ ఊదే పని దానికి ఇచ్చాం. చాలా కోపంగా ఊదుతుంది. గాయం జరిగినట్లు కార్యాలయం ఈనాటికీ పరిగణించలేదు కనుక ప్రభుత్వం నుంచి ఏమీ రాలేదు.

వచ్చింది మరో ఉత్తర్వు. ‘రాళ్ళమెట్ట నమూనా’ అని దానికి పేరు. జిల్లాలోని సమస్త ఉన్నత పాఠశాలలు తమ ప్రహరీ గోడను హై, స్కూల్ అను పదముల మధ్య నిర్ణీత ప్రమాణమున ఛేదించి, అందు దుంగను హైఫన్‌గా అమర్చి, పిదప చిల్డ్రన్ అను పదమును చేర్చవలెను. గోడలు చెక్కుచెదరకుండా ఉన్న పాఠశాలలు ప్రత్యేక శ్రద్ధ వహించవలెను. గోడ లేని పాఠశాలలు ఛేదించుటకు అనువుగా ముందు ఒక గోడ నిర్మించుకొనవలెను.

ప్రధానోపాధ్యాయులందరికీ జిల్లా కేంద్రంలో శిక్షణ పెట్టారు. సువార్తమ్మ గారిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. విరూపాక్షం గారు విశేషణం గురించి మధ్యాహ్నం దాకా మాట్లాడి, అనుభవం పంచుకోమని మైకు ఆవిడకిచ్చారు. హాల్లో ఉన్నవాళ్ళంతా గోడలున్న బళ్ళవాళ్ళు. వాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

సువార్తమ్మ గారు శాలువా తీసి మడిచి కుర్చీలో పెట్టారు.

“నేను చెప్పేది ఒక్కటే” అన్నారు. “దుంగ ముందు తెచ్చి పెట్టుకోండి. అది బడి దగ్గరికి చేరిందాకా గోడ మీద చెయ్యి వేయనివ్వకండి.”

హాల్లో అందరూ అది రాసుకున్నారు. వెనక వరసలోంచి ఒక ముసలి హెడ్మాస్టరు లేచి, మా మండలంలో తాటిచెట్లు లేవు మేడం అన్నారు.

“వేపదైనా ఫరవాలేదు సార్” అన్నారు సువార్తమ్మ గారు. “మధ్యలోంచి లారీ దూరకపోతే చాలు.”